ఏ వాపుకు ఏ మందు

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో, కీళ్లవాతంతో కదల్లేకుండా ఉన్న ఒక మహిళకు కార్టిజోన్ అనే కొత్త మందు సూది వేశారు. కొద్ది రోజులు తిరక్కుండానే ఆమె లేచి నడిచింది. రెండేళ్లకే, 1950లో, ఆ వైద్యం చేసిన ఫిలిప్ హెంచ్‌కూ, ఆ హార్మోన్ల రసాయన గుట్టు విప్పిన కెండాల్, రైక్‌స్టైన్‌లకూ నోబెల్ బహుమతి వచ్చింది. వాపును అణచే మందు చేతికి దొరికాక, వాపు ఉన్న ప్రతిచోటా దాన్ని వాడి చూద్దామని వైద్యులు ఉబలాటపడ్డారు. ఉబ్బసం ఆ వరసలో ముందే నిలబడింది. కానీ 1956లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ప్రకటించిన ఫలితాలు ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లాయి. ఏళ్ల తరబడి ఉబ్బసంతో బాధపడేవారికి కార్టిజోన్ వల్ల నిలకడగా చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. మరో రెండేళ్లకు డెర్బీ పట్టణంలోని ఛాతీ వైద్యుడు హ్యారీ మారో బ్రౌన్ చూడ్డానికి చాలా మామూలుగా ఉండే పని ఒకటి చేశాడు. ప్రెడ్నిసొలోన్ ఇస్తున్న రోగుల కళ్లెను గాజు పలక మీద పులిమి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. కొందరి కళ్లెలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులుగా కనిపించాయి, కొందరి కళ్లెలో కనిపించలేదు. ఉన్నవాళ్లకు మందు పనిచేసింది. లేనివాళ్లకు చేయలేదు.

ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధుల్లో వాపును తగ్గించే మందుల చరిత్ర అంతా ఈ గాజు పలక చుట్టూనే తిరిగిందని నా వాదన. వైద్యులు దాన్ని మరిచిపోయిన ప్రతిసారీ మంచి మందు కూడా పనికిరానిదిగా తేలింది, ఒక్కోసారి ప్రాణాల మీదికి తెచ్చింది. గుర్తుపెట్టుకున్న ప్రతిసారీ, మూలన పడేసిన మందు కూడా లేచి కూర్చుంది. చిక్కంతా మాటలోనే ఉంది. కాలు బెణికినా వాపే, చిగురు చీము పట్టినా వాపే, ఊపిరిగొట్టాలు ఎర్రబారి ఉబ్బినా వాపే. పైకి కనిపించేది ఒకటే గనక లోపల జరిగేదీ ఒకటేనని అనుకుంటాం. నిజానికి వాపు అనేది శరీరం తనను తాను కాపాడుకోవడానికి నడిపే యుద్ధం. ఆ యుద్ధంలోకి ఏ దళం దిగింది, ఎవరు పిలిస్తే దిగింది, ఎంతకాలంగా తిష్ఠ వేసింది అన్నదాన్నిబట్టి దాని స్వభావం మారిపోతుంది. పురుగుల మీదికీ, పుప్పొడి లాంటి ఎలర్జీ పదార్థాల మీదికీ ఇసినోఫిల్స్ దిగుతాయి. బ్యాక్టీరియా మీదికీ, పొగ మీదికీ న్యూట్రోఫిల్స్ దిగుతాయి. కొన్ని జబ్బుల్లో అసలు ఏ దళమూ ముఖ్యం కాదు, గాయం మానే క్రమమే అదుపు తప్పి మచ్చగా గట్టిపడుతుంది. వీటన్నిటికీ ఒకే మందు పనిచేయాలని కోరుకోవడం, తాళాలన్నీ ఇనుముతోనే చేశారు గనక ఒకే తాళంచెవి సరిపోవాలన్నట్టు ఉంటుంది.

ముందు కార్టిజోన్, ప్రెడ్నిసొలోన్ల జాతి మందైన స్టెరాయిడ్ చేసే పని చూద్దాం, ఎందుకంటే మిగిలిన మందులన్నిటినీ దానితోనే పోల్చుకోవాలి. కణం లోపల డీఎన్ఏ నూలులా సాగి ఉండదు. హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ కండెకు చుట్టిన నూలులా బిగిసి ఉంటుంది. వాపు సంకేతం అందగానే ఆ చుట్టు కొంత మేర వదులవుతుంది. వదులైన చోట వాపును పెంచే జన్యువులు తెరుచుకుని, తెల్లకణాలను రమ్మని పిలిచే రసాయనాలు తయారుచేయడం మొదలుపెడతాయి. స్టెరాయిడ్ అణువు కణంలోకి జొరబడి తన గ్రాహకాన్ని కలుపుకుని కేంద్రకంలోకి వెళ్తుంది. అక్కడ హెచ్‌డ్యాక్-2 అనే ఎంజైమును ఆ విప్పారిన చోటికి రప్పిస్తుంది. నూలును మళ్లీ బిగించి చుట్టే పనివాడు ఈ ఎంజైమే. జన్యువు మూతపడుతుంది, పిలుపులు ఆగుతాయి. పైగా స్టెరాయిడ్ సోకిన ఇసినోఫిల్ తనంత తాను చచ్చిపోతుంది. ఉబ్బసం చాలామందిలో ఇసినోఫిల్స్ నడిపే జబ్బు కావడంతో ఈ మందుకూ ఆ జబ్బుకూ అతికినట్టు కుదిరింది. ఈ పనికి గంటలు, రోజులు పడతాయి. అందుకే పీల్చగానే హాయినిచ్చే సాల్బుటమాల్‌తో పోలిస్తే రోగి కంటికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పనిచేయని మందులా కనిపిస్తుంది. సాల్బుటమాల్ గొట్టం చుట్టూ బిగుసుకున్న కండరాన్ని నాలుగు నుంచి ఆరు గంటలు వదులు చేస్తుంది, అంతే. లోపలి వాపును అది ముట్టుకోదు. ఇల్లు కాలుతుంటే కిటికీ తెరిచి పొగ బయటికి పంపడం లాంటిది. కెనడాలోని సస్కాచివాన్ రాష్ట్ర రికార్డులు తిరగేసి 2000లో ప్రకటించిన అధ్యయనం ఈ తేడాను ప్రాణాల లెక్కలో చూపింది. ఏడాదిలో వాడిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ డబ్బాల సంఖ్య ఒక్కోటి పెరిగేకొద్దీ ఉబ్బసంతో చనిపోయే రేటు 21 శాతం చొప్పున తగ్గింది. 2019 నుంచి అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు పెద్దలకూ, కౌమార వయసు పిల్లలకూ సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దని చెబుతున్నాయి.

ఇక్కడ మన ఇళ్లలో తప్పకుండా వచ్చే అభ్యంతరం ఒకటుంది. ఇన్‌హేలర్ మొదలుపెడితే ఇక అలవాటైపోతుందనీ, స్టెరాయిడ్ ఒళ్లు గుల్ల చేస్తుందనీ. స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగితే ఎముకలు పలచబడటం, షుగర్ రావడం, కంట్లో శుక్లాలు ఏర్పడటం నిజమే. కానీ లెక్క చూడండి. ఆయాసం ముదిరినప్పుడు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ మాత్రల మోతాదు రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పీల్చే బుడెసోనైడ్ చాలామందికి రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు చాలు, అంటే మిల్లీగ్రాములో సగం కూడా కాదు. అందులో గొంతుకు అంటుకుని కడుపులోకి జారినదాన్ని కూడా కాలేయం మొదటి విడతలోనే దాదాపు 90 శాతం విరిచేస్తుంది. మిగిలే ఇబ్బంది ఎక్కువగా నోటిపూత, గొంతు బొంగురు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే అదీ తగ్గుతుంది. ఇన్‌హేలర్‌కు భయపడి, ఆయాసం వచ్చినప్పుడల్లా స్టెరాయిడ్ సూది పొడిపించుకునేవాళ్లు తాము తప్పించుకున్నామనుకున్న దాన్నే ఎన్నో రెట్లు ఒంట్లోకి ఎక్కించుకుంటున్నారు. ఇక అలవాటు మాటకొస్తే, బీపీ మాత్ర ఆపితే బీపీ పెరగడాన్ని ఎవరూ అలవాటు అనరు.

ఉబ్బసంలో ఇంత బాగా కుదిరిన మందును, ఎక్కువగా పొగ వల్ల ఊపిరిగొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యే సీఓపీడీ అనే జబ్బుకు కూడా వాడటం పైకి సబబుగానే తోచింది. అక్కడా ఊపిరిగొట్టాల్లో వాపే, అక్కడా ఆయాసం, పిల్లికూతలే. 751 మంది రోగులతో మూడేళ్లు నడిచిన ఐసోల్డ్ పరీక్ష 2000లో వెలువడింది. స్టెరాయిడ్ పీల్చినవారిలో ఊపిరి సామర్థ్యం ఏటేటా తరిగిపోయే వేగం ఏమాత్రం తగ్గలేదు. జబ్బు ఉన్నట్టుండి తిరగబెట్టడం మాత్రం నాలుగో వంతు తగ్గింది. 2007లో 6,112 మందితో ముగిసిన టార్చ్ పరీక్ష ఇంకాస్త చేదు నిజం చెప్పింది. స్టెరాయిడ్, గొట్టాలను తెరిచే మందు కలిపి పీల్చినవారిలో మరణాలు తగ్గినట్టు అనిపించినా ఆ తేడా గణాంకాల గీటురాయికి వెంట్రుకవాసిలో నిలవలేదు. న్యుమోనియా మాత్రం ఉత్తుత్తి మందు పీల్చినవారిలో 12.3 శాతం మందికి వస్తే, వీరిలో 19.6 శాతం మందికి వచ్చింది. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నంత పని కాకపోయినా, ఇంటి కాపలా కుక్కను కట్టేసిన పని అయితే జరిగింది.

ఎందుకిలా? సీఓపీడీ రోగుల్లో ఎక్కువమంది గొట్టాల్లో రాజ్యమేలేది న్యూట్రోఫిల్స్. ఇసినోఫిల్‌ను చంపే స్టెరాయిడే న్యూట్రోఫిల్ ఆయుష్షును పెంచుతుంది. అంతకన్నా ఆసక్తికరమైన సంగతి లండన్ ఇంపీరియల్ కాలేజీలో పీటర్ బార్న్స్ బృందం తేల్చింది. పొగ వల్ల పుట్టే ఆక్సీకరణ దాడికి గురైన ఊపిరితిత్తుల్లో ఆ హెచ్‌డ్యాక్-2 ఎంజైమే తగ్గిపోతుందని, జబ్బు ముదిరేకొద్దీ ఇంకా తగ్గుతుందని 2005లో చూపారు. అంటే స్టెరాయిడ్ కబురు పంపుతుంది గానీ, వచ్చి నూలు చుట్టే పనివాడు లేడు. చూడముచ్చటైన వివరణ ఇది. తక్కువ మోతాదు థియోఫిలిన్ ఆ ఎంజైమును తిరిగి లేపుతుందని ప్రయోగశాలలో కనబడింది కూడా. థియోఫిలిన్ చవకైన పాత మందు, కథ ఇక్కడితో సుఖాంతం కావలసింది. కానీ బ్రిటన్‌లో 1,567 మందికి పీల్చే స్టెరాయిడ్‌తోపాటు తక్కువ మోతాదు థియోఫిలిన్ ఇచ్చి ఏడాది గమనించి 2018లో ఫలితం ప్రకటించారు. జబ్బు తిరగబెట్టడం ఏమాత్రం తగ్గలేదు. కణంలో జరిగేది ఎంత అందంగా వివరించినా మనిషిలో జరిగేది వేరే కావచ్చు. అందువల్ల హెచ్‌డ్యాక్ సిద్ధాంతాన్ని పూర్తిగా కొట్టేయలేం, దాని మీద మందుల షాపు తెరవనూ లేం. కీళ్లవాతంలో అద్భుతంగా పనిచేసే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను కూడా సీఓపీడీలో ప్రయత్నించి 2007 నాటికి వదిలేశారు. మేలు కనబడలేదు.

వాదనకు అసలు ఊతం మాత్రం మెపోలిజుమాబ్ దగ్గర దొరుకుతుంది. ఇసినోఫిల్స్‌ను పుట్టించి పోషించే ఐఎల్-5 అనే సంకేతాన్ని మధ్యలోనే పట్టేసే యాంటీబాడీ ఇది. 2000లో ఐఎల్-5ను అడ్డుకునే ఈ పద్ధతిని ఉబ్బసంలో మొదటిసారి పరీక్షించినప్పుడు రక్తంలో, కళ్లెలో ఇసినోఫిల్స్ కుప్పకూలాయి, ఉబ్బసం మాత్రం కదల్లేదు. 2007లో మరింత పెద్ద పరీక్షలోనూ అదే నిరాశ. ఉబ్బసానికి ఇసినోఫిల్స్ కారణం కాదేమో, ప్రేక్షకులేమో అని అనేవాళ్లు ఎక్కువయ్యారు. అప్పుడు బ్రిటన్, కెనడాలలో రెండు బృందాలు ఒక పని చేశాయి. మందు మార్చలేదు, మనుషుల్ని మార్చాయి. స్టెరాయిడ్ వాడుతున్నా కళ్లెలో ఇసినోఫిల్స్ పోని, పదేపదే జబ్బు తిరగబెట్టే రోగుల్నే ఎంచుకున్నాయి. ఊపిరి సామర్థ్యం కొలతను పక్కనపెట్టి, ఎన్నిసార్లు తిరగబెట్టిందన్నది లెక్కించాయి. 2009లో వచ్చిన ఆ రెండు ఫలితాలతో చచ్చిపోయిందనుకున్న మందు బతికింది, 2015లో అమెరికాలో అనుమతి పొందింది. 2009కి యాభై ఏళ్ల ముందు డెర్బీలో గాజు పలక చెప్పిందీ ఇదే కదా. మూడు నాలుగు దశాబ్దాలు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదంటే, కళ్లెను చూడ్డం హోదా తక్కువ పని అని అనుకోవడం కూడా ఒక కారణమై ఉంటుందని నా అనుమానం. బ్రౌన్ మాత్రం తన దారిన తాను పోయి 1972లో పీల్చే బెక్లోమెథాసోన్ ఉబ్బసంలో పనిచేస్తుందని చూపినవారిలో ఒకడయ్యాడు.

అదే తర్కం ఇప్పుడు సీఓపీడీలోకి వచ్చింది. సీఓపీడీ రోగుల్లోనూ ఇసినోఫిల్స్ ఎక్కువ ఉన్న వర్గం ఒకటి ఉంది. రక్తంలో మైక్రోలీటరుకు 300 కణాలు, అంతకు మించి ఉండి, తరచూ జబ్బు తిరగబెట్టేవారికి పీల్చే స్టెరాయిడ్ మేలు చేస్తుందనీ, 100 లోపు ఉన్నవారికి న్యుమోనియా ముప్పే తప్ప లాభం అంతంత మాత్రమేననీ పెద్ద పరీక్షల లెక్కలు తిరగేస్తే తేలింది. 300 మించినవారినే ఎంచుకుని డుపిలుమాబ్‌ను పరీక్షించిన బోరియాస్ అధ్యయనం 2023లో వెలువడింది. ఏడాదికి జబ్బు తిరగబెట్టే సంఖ్య 30 శాతం తగ్గింది. 2024 సెప్టెంబరులో అమెరికా ఆ మందును సీఓపీడీకి అనుమతించింది. అలాగని ఇసినోఫిల్ లెక్కను జాతకంలా చదవడమూ పొరపాటే. 2019లో బెన్‌రలిజుమాబ్‌తో జరిగిన రెండు పెద్ద సీఓపీడీ పరీక్షల్లో ఇసినోఫిల్స్ దాదాపు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి, జబ్బు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. డుపిలుమాబ్ పట్టుకునేది ఇసినోఫిల్‌ను కాదు, దానికి ఎగువనున్న ఐఎల్-4, ఐఎల్-13 అనే సంకేతాలను. గొట్టాల్లో కళ్లె ఊరడానికీ ఆ సంకేతాలే కారణం. కాబట్టి రక్తంలో ఇసినోఫిల్ కనబడటం పొగ కనబడటం లాంటిది. నిప్పు ఏ దిక్కున ఉందో చెబుతుంది, పొగను చెదరగొడితే నిప్పు ఆరుతుందని చెప్పదు. ఈ అభ్యంతరం నా వాదనను దెబ్బతీయదు, మరింత సన్నగా చెక్కుతుంది. దళాన్ని గుర్తుపట్టడంతో ఆగితే సరిపోదు, దాన్ని పిలుస్తున్నదెవరో చూడాలి.

మనుషుల్ని వేరుచేయకుండా మందిస్తే జరిగే నష్టం అన్నిసార్లూ వృథా ఖర్చుతో పోదు. ఊపిరితిత్తులు కారణం తెలియకుండా పీచుగా గట్టిపడే ఐపీఎఫ్ అనే జబ్బును చాలాకాలం వాపుతో మొదలయ్యేదే అనుకున్నారు. ప్రెడ్నిసోన్, అజథయోప్రిన్, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ మూడూ కలిపి ఇవ్వడం ఏళ్లపాటు ఆనవాయితీగా నడిచింది. ప్యాంథర్ అనే పరీక్షలో ఈ మూడు మందులవారినీ ఉత్తుత్తి మాత్రలవారినీ పోల్చి చూస్తే, మందులు తీసుకున్న 77 మందిలో 8 మంది చనిపోయారు. మందులేనివారు 78 మందిలో ఒక్కరే చనిపోయారు. 2011లో పరీక్షలో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అక్కడ యుద్ధం నడపడానికి దళాలేవీ లేవు. పుండు మానే పనివాళ్లు ఆగకుండా గోడలు కడుతూనే ఉన్నారు. శత్రువు లేనిచోట సైన్యాన్ని నిరాయుధం చేస్తే మిగిలేది బయటినుంచి వచ్చే అంటువ్యాధులకు తలుపు తెరవడమే. ఆ జబ్బులో మచ్చ కట్టే వేగాన్ని తగ్గించే నింటెడానిబ్, పిర్ఫెనిడోన్‌లు 2014లో అమెరికాలో అనుమతి పొందాయి. వాటి పని దారే వేరు. కోవిడ్ రోజుల్లో డెక్సామెథాసోన్‌తో కూడా మనకు ఇదే అనుభవమైంది. ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో మరణాలు తగ్గించిన మందు, అవసరం లేనివారికి ఏ మేలూ చేయలేదు. జబ్బు ఒకటే, దశ వేరు.

సరే, సీఓపీడీలో స్టెరాయిడ్ అంత అరకొరగా పనిచేస్తే, ఆయాసం ముదిరి ఆస్పత్రికి వచ్చినప్పుడు అందరికీ ఎందుకిస్తారని అడగవచ్చు. ఆ వేళ ఊపిరి త్వరగా కుదుటపడటానికి అది సాయపడుతుందన్నది నిజం. ఎన్నాళ్లు ఇవ్వాలన్నదే ప్రశ్న. రెండు వారాలు ఇచ్చినా ఐదు రోజులు ఇచ్చినా ఫలితం ఒకటేనని స్విట్జర్లాండ్‌లో జరిగిన పరీక్ష 2013లో చెప్పింది. అందరికీ ఇవ్వాలా అన్నదానికి బ్రిటన్‌లో 2012లో వచ్చిన చిన్న పరీక్ష జవాబు వెతికింది. ఆ సమయంలో రక్తంలో ఇసినోఫిల్స్ తక్కువగా ఉన్నవారికి మాత్రలు ఇవ్వకపోయినా ఏ నష్టమూ జరగలేదు. ఇక న్యూట్రోఫిల్ ఏలే జబ్బుల వంతు ఆలస్యంగా వచ్చింది. తక్కువ మోతాదులో ఏడాదిపాటు అజిత్రోమైసిన్ ఇస్తే సీఓపీడీ తిరగబెట్టడం తగ్గిందని 2011లో తేలింది గానీ, కొందరికి వినికిడి తగ్గింది. రోఫ్లుమిలాస్ట్ కాస్త సాయపడుతుంది, విరేచనాలతో, బరువు తగ్గడంతో చాలామంది మధ్యలోనే మానేస్తారు. ఊపిరిగొట్టాలు శాశ్వతంగా సాగిపోయి కళ్లె నిలవుండే బ్రాంకియెక్టాసిస్ అనే జబ్బులో, న్యూట్రోఫిల్ తన లోపల దాచుకునే కోత ఎంజైములకు పదును రాకుండా చేసే బ్రెన్సోకాటిబ్‌కు 2025 ఆగస్టులో అమెరికాలో అనుమతి దొరికింది. న్యూట్రోఫిల్‌ను చంపకుండా దాని కత్తి మాత్రం మొండి చేయాలన్న ఆలోచన నాకు అన్నిటికన్నా తెలివైనదిగా కనిపిస్తోంది, ఎందుకంటే న్యూట్రోఫిల్ లేకపోతే మనం ఎక్కువకాలం బతకం.

మన దేశం విషయంలో ఇంకా గట్టి అభ్యంతరం ఉంది. 2016 నాటికి భారత్‌లో సీఓపీడీ రోగులు 5 కోట్ల 53 లక్షలు, ఉబ్బసం రోగులు 3 కోట్ల 79 లక్షలని అంచనా. వీళ్లలో బీడీ, చుట్ట ముట్టనివారు, కట్టెల పొయ్యి పొగలో ఏళ్లు గడిపిన ఆడవాళ్లు చాలామంది. పాశ్చాత్య దేశాల్లో సిగరెట్ తాగేవాళ్ల మీద తేల్చిన లెక్కలు వీళ్లకు అచ్చంగా వర్తిస్తాయా? అంతకన్నా పెద్ద చిక్కు, మన దగ్గర ఇసినోఫిల్స్ పెరగడానికి ఊపిరితిత్తుల జబ్బే అక్కర్లేదు. కడుపులో నులిపురుగులు చాలు. ఆ మాటకొస్తే ఈ పాఠం మన మదనపల్లె నుంచే ప్రపంచానికి వెళ్లింది. అక్కడి ఆరోగ్యవరం క్షయ శానిటోరియంలో పనిచేసిన ఫ్రిమోట్ మోలర్, ఆయన సహవైద్యుడు బార్టన్ 1940లో క్షయలాగే కనిపించే ఒక జబ్బును వర్ణించారు. దగ్గు, ఆయాసం, ఎక్స్‌రేలో మచ్చలు, రక్తంలో మాత్రం విపరీతంగా ఇసినోఫిల్స్. తర్వాత ట్రాపికల్ ఇసినోఫిలియా అని పేరు పడిన ఈ జబ్బుకు మూలం బోదకాలు పురుగు మీద శరీరం చూపే అతి ప్రతిస్పందన. దానికి ముఖ్యమైన మందు స్టెరాయిడ్ కాదు, బోదకాలుకు ఇచ్చే డైఇథైల్ కార్బమజైన్. స్ట్రాంజిలాయిడిస్ అనే పేగు పురుగు ఉన్న మనిషికి స్టెరాయిడ్ ఇస్తే ఆ పురుగు ఒళ్లంతా పాకి ప్రాణం తీసే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి 300 అన్న గీతను ఇక్కడ గుడ్డిగా గీయలేం. మల పరీక్ష, మనిషి ఉండే ఊరు, చేసే పని కూడా ఆ లెక్క పక్కన పెట్టుకుని చదవాలి. అంటే ఏ వాపో చూసి మందివ్వాలన్న సూత్రం మన దగ్గర మరింత అవసరం, మరింత శ్రమ కూడా.

కొత్త యాంటీబాడీ సూదుల ధరలు మధ్యతరగతికి అందనంత దూరంలో ఉన్నమాట వాస్తవం. అయితే ఏ వాపో తెలుసుకునే మొదటి అడుగు ఖరీదైనది కాదు. ఊళ్లో ల్యాబుల్లో కొద్ది వందల రూపాయలకు చేసే సీబీపీ అనే రక్తపరీక్ష కాగితంలోనే అది ఉంటుంది. మొత్తం తెల్లకణాలు 7,500, వాటిలో ఇసినోఫిల్స్ 4 శాతం అని రాసి ఉంటే, రెంటినీ హెచ్చిస్తే 300. చాలామంది ఫైళ్లలో ఈ కాగితాలు మూడు నాలుగేళ్లవి పేరుకుని ఉంటాయి, వాటిని వరసగా పెట్టి చూస్తే ఒక్కసారి తీసిన లెక్క కన్నా నమ్మకంగా ఉంటుంది. రోగులు తీసుకోవలసిన జాగ్రత్త ఒకటుంది. స్టెరాయిడ్ మాత్ర గానీ సూది గానీ పడిన కొద్ది గంటల్లోనే రక్తంలో ఇసినోఫిల్స్ పడిపోతాయి. ఆయాసానికి సూది వేయించుకుని మర్నాడు రక్తమిచ్చినవాళ్ల కాగితంలో సున్నా కనిపిస్తే, అది జబ్బు స్వభావాన్ని చెప్పే సున్నా కాదు. నిన్నటి సూది రాసిన సున్నా.